బిల్లు ఈ రోజు, డబ్బు వచ్చే నెల

గత సంచికలో మిస్టరీ షాపింగ్ గురించి నాలుగు వాక్యాలు రాసినందుకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. ఒక దుకాణమో, బ్యాంకో, హోటలో తన సిబ్బంది ఖాతాదారులతో ఎలా మెలుగుతున్నారో తెలుసుకోవడానికి మామూలు కొనుగోలుదారులా కనిపించే మనిషిని పంపిస్తుంది. ఆ మనిషి వెళ్లి, చూసి, వచ్చి, చూసింది చూసినట్టు రాసి ఇవ్వాలి. ఆ రాతకు డబ్బు ఇస్తారు. నేను ఏడేళ్లు ఆ పని చేశాను. తర్వాత నాలుగేళ్లు అలాంటి ఒక కంపెనీలో ఇతరుల నివేదికలు సరిచూసే ఎడిటర్‌గా ఉన్నాను. అంటే డబ్బు కోసం ఎదురుచూడటమూ తెలుసు, ఇతరుల డబ్బు ఆపించి తిట్లు తినడమూ తెలుసు. వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

*

ప్రశ్న: పిల్లలు బడికి వెళ్లాక రోజుకు మూడు గంటలు ఖాళీ దొరుకుతుంది. మిస్టరీ షాపింగ్ కంపెనీల కోసం వెతికితే లెక్కలేనన్ని పేర్లు వచ్చాయి. ఒక చోట సభ్యత్వ రుసుము కడితే మంచి కంపెనీల జాబితా ఇస్తామన్నారు. వెబ్‌సైటు ఎంతో అందంగా ఉంది. ఇంకొక చోట డబ్బు అడగలేదు గానీ, వెబ్‌సైటు చూస్తే ఏనాటిదో అన్నట్టు ఉంది. ఏది నమ్మమంటారు? — ఒక గృహిణి

జవాబు: ఆ పాతకాలపు వెబ్‌సైటు వైపు చూడండమ్మా. అందంగా ఉన్నదాన్ని వదిలేయండి.

ఈ వ్యాపారంలో డబ్బు ఎవరి దగ్గర మొదలవుతుందో చూస్తే సగం సందేహాలు తీరిపోతాయి. వందల దుకాణాలున్న ఒక పెద్ద సంస్థ మిస్టరీ షాపింగ్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటుంది. ఆ కంపెనీలో షెడ్యూలర్ అనే మనిషి ఏ దుకాణానికి ఎవరు, ఏ రోజు వెళ్లాలో చూస్తారు. మీరు వెళ్లి నివేదిక పంపుతారు. ఎడిటర్ సరిచూస్తారు. అది సంస్థకు చేరుతుంది, సంస్థ కంపెనీకి కడుతుంది, కంపెనీ మీకు ఇస్తుంది. ఈ వరసలో మీ చేతి నుంచి పైకి డబ్బు వెళ్లే చోటు ఒక్కటీ లేదు. నమోదు రుసుము, శిక్షణ రుసుము, జాబితా ధర, వెనక్కి ఇచ్చే ధరావతు, పేరు ఏదైనా సరే, అడిగారంటే వాళ్ల రాబడి మీరే. అసలు కంపెనీల జాబితా ఉచితంగానే దొరుకుతుంది.

దొరికే చోటు చెబుతాను. మిస్టరీ షాపింగ్ కంపెనీలకు 1998లో మొదలైన ఒక సంఘం ఉంది, ఎమ్ఎస్‌పీఏ అంటారు. అమెరికా ఖండాలకు ఒకటి, ఐరోపా, ఆఫ్రికాలకు ఒకటి, ఆసియా పసిఫిక్‌కు ఒకటిగా దానికి శాఖలున్నాయి. సభ్య కంపెనీల పేర్లు వాళ్ల వెబ్‌సైట్లలో ఎవరైనా చూసుకోవచ్చు. అయితే ఆ సంఘం ఎవరినీ పనిలోకి తీసుకోదు, ఎవరినీ ఏ దుకాణానికీ పంపదు. "ఎమ్ఎస్‌పీఏ మిమ్మల్ని ఎంపిక చేసింది" అని సందేశం వస్తే చదవనక్కర్లేదు, తీసేయండి. సంఘంలో లేని మంచి కంపెనీలూ ఉన్నాయి, అందుకే ఆ జాబితా వెతుకులాట మొదలుపెట్టడానికి మాత్రమే. ఇప్సాస్ లాంటి పెద్ద పరిశోధన సంస్థలూ, 1987 నుంచి ఇదే పనిలో ఉన్న బేర్ ఇంటర్నేషనల్ లాంటివీ చాలా దేశాల్లో పని చేస్తాయి. ఇలా పేరున్న కంపెనీల పేర్లనే మోసగాళ్లు వాడుకుంటారు కాబట్టి, వచ్చిన లింకు నొక్కి లోపలికి వెళ్లకండి. కంపెనీ చిరునామా మీరే టైపు చేసి వెళ్లండి. ఈమెయిలు కంపెనీ సొంత డొమైన్ నుంచి, అంటే @ గుర్తు తర్వాత కంపెనీ పేరే ఉన్న చిరునామా నుంచి వచ్చిందా, ఉచితంగా దొరికే ఖాతా నుంచి వచ్చిందా చూడండి. డొమైన్ ఎప్పుడు నమోదైందో 'హూ ఈజ్' అనే ఉచిత సేవ చెబుతుంది. ముప్పై ఏళ్ల అనుభవం ఉందని గొప్పలు పోయే కంపెనీ డొమైన్ పోయిన నెలలో పుట్టిందని తేలితే నవ్వుకుని ఊరుకోండి.

ఇక వెబ్‌సైటు రూపం సంగతి. అసలు కంపెనీ వెబ్‌సైటు మీతో మాట్లాడదు. అది తనకు డబ్బిచ్చే వ్యాపార సంస్థలతో మాట్లాడుతుంది: "మీ శాఖలన్నిట్లో సేవ ఒకేలా ఉందా? మేము కొలిచి చెబుతాం" అంటూ. మన కోసం ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో "షాపర్‌గా చేరండి" అని ఒక లింకు ఉంటుంది. నకిలీది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మొదటి పేజీ నుంచీ మీ సంపాదన, మీ స్వేచ్ఛ, మీరు కొనుక్కోబోయే వస్తువులు, అరచేతిలో వైకుంఠమే. నాలుగేళ్లు లోపల కూర్చుని చూశాక నాకు ఇంతకంటే నమ్మకమైన గుర్తు కనిపించలేదు.

మీరు అన్న ఆ పాతకాలపు వాలకానికి కారణం కూడా ఉంది. చాలా కంపెనీలు షాపర్ల కోసం సొంతంగా వ్యవస్థ కట్టుకోవు. శాసీ, షాప్‌మెట్రిక్స్ లాంటి తయారు సాఫ్ట్‌వేర్లను అద్దెకు తీసుకుంటాయి. అందుకే పది కంపెనీల లాగిన్ పేజీలు ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. అది చూసి బెదిరిపోకండి.

దరఖాస్తు నింపేటప్పుడు వయసు, కళ్లజోడు ఉందా, వాహనం ఉందా, ఏ సమయాల్లో వెళ్లగలరు అని అడుగుతారు. కళ్లజోడు గురించి ఎందుకంటే, కళ్లద్దాల దుకాణానికి కళ్లజోడు ఉన్నవారినే పంపాలి కదా. చాలా చోట్ల ఒక పేరా రాసి చూపమంటారు కూడా. మీరు ఈ మధ్య వెళ్లిన దుకాణం గురించి వంద పదాల్లో రాయండి అని. అలా అడిగితే సంతోషించండి, వాళ్లకు కావలసింది నివేదిక అని అర్థం. డబ్బు పంపడానికి ఖాతా వివరాలూ, కొన్ని దేశాల్లో పన్ను గుర్తింపు సంఖ్యా అడుగుతారు, అది సహజమే. పాస్‌వర్డు, పిన్, ఓటీపీ, కార్డు వెనుక ఉన్న మూడంకెలు అడిగేవారికి మీ నివేదికతో పని లేదు.

ఒకే కంపెనీలో చేరి కూర్చుంటే నెలకు ఒక పనైనా దొరకకపోవచ్చు. ఎనిమిది, పది చోట్ల నమోదు చేసుకోండి. ఇది ఇంటిని నడిపే రాబడి కాదు, చేతిఖర్చుకు వచ్చేది. అంతకు మించి ఎవరైనా ఆశ పెడితే ఆ ఉత్తరం నాకు పంపండి, దాచుకుంటాను.

*

ప్రశ్న: నాకు కొరియర్‌లో ఒక ఉత్తరం, దాంతో పాటు చెక్కు వచ్చాయి. డబ్బు బదిలీ చేసే ఒక సంస్థ సేవలు పరీక్షించాలట. చెక్కు నా ఖాతాలో వేసుకుని, నా జీతం కింద కొంత ఉంచుకుని, మిగతాది వాళ్లు చెప్పిన పేరుకు 48 గంటల్లో పంపించి, కౌంటర్‌లో ఎంతసేపు పట్టిందో రాయాలట. చెక్కు వేశాను. ఖాతాలో డబ్బు కనిపిస్తోంది. ఇక పంపవచ్చా? — ఒక ప్రైవేటు ఉద్యోగి

జవాబు: పంపకండి. ఈ సంచిక మీ చేతికి వచ్చేలోగా పంపించకుండా ఉంటే బాగుండునని, మీరు ఇచ్చిన నంబరుకు ముందే ఫోను చేయించాను. అయినా ఇతరుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఖాతాలో అంకె కనిపించినంత మాత్రాన చెక్కు పాసైనట్టు కాదు. ఈ మోసం బాగా పెరిగిన అమెరికాలో, చెక్కు వేసిన కొద్ది రోజుల్లోనే ఆ డబ్బు వాడుకోనివ్వాలని బ్యాంకులకు చట్టం ఉంది. అది నకిలీ అని తేలడానికి మాత్రం కొన్నిసార్లు వారాలు పడుతుంది. మోసగాడు బతికేది ఆ మధ్య రోజుల్లోనే. 48 గంటలన్న తొందర అందుకే. చెక్కు వెనక్కి వచ్చాక బ్యాంకు ఆ మొత్తాన్ని మీ దగ్గరే వసూలు చేస్తుంది. మీరు పంపింది మీ సొంత డబ్బు అవుతుంది. మీరు జీతం అనుకున్నది కూడా ఆ దొంగ చెక్కులో ముక్కే.

ఆ ఉత్తరం నకలు పంపినందుకు ధన్యవాదాలు. నిజమైన పని పత్రం పక్కన పెట్టి చూశాను. నిజమైన దానిలో దుకాణం చిరునామా, వెళ్లవలసిన తేదీలు, సమయం, అడగవలసిన ప్రశ్నలు కలిపి ఆరేడు పేజీలు ఉంటాయి. డబ్బు ప్రస్తావన రెండు మూడు వాక్యాలు. మీకు వచ్చినదానిలో పరిశీలించాల్సింది ఒక్క వాక్యంలో ముగిసింది, డబ్బు ఎలా పంపాలన్నది మాత్రం పేజీన్నర. "ఈ పరీక్ష గురించి బ్యాంకు సిబ్బందితో మాట్లాడరాదు, మాట్లాడితే మీ పని రద్దవుతుంది" అని లావు అక్షరాల్లో ఉంది. గుట్టుగా ఉండటం మా వృత్తి ధర్మమే. దాన్నే తీసుకొచ్చి మిమ్మల్ని హెచ్చరించగల ఒకే ఒక్క మనిషి నోరు మీ చేతే మూయించారు. వాడి తెలివికి నాకు ఒళ్లు మండింది.

ఇది కొత్త మోసమూ కాదు. 2009లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, డబ్బు బదిలీ చేసే మనీగ్రామ్ సంస్థపై వేసిన కేసు 1.8 కోట్ల డాలర్ల చెల్లింపుతో ముగిసింది. మోసగాళ్లు ఆ వ్యవస్థ ద్వారా జనం చేత డబ్బు పంపించుకుంటున్నారన్నది అభియోగం. లాటరీ తగిలిందని, అప్పు ఇప్పిస్తామని చెప్పడంతో పాటు, రహస్య కొనుగోలుదారుగా ఉద్యోగం ఇచ్చామన్న మాట కూడా ఆ ఎరల్లో ఒకటి. ఇప్పుడు బదిలీ కౌంటర్‌కు బదులు గిఫ్టు కార్డులు కొనమని, వెనక ఉన్న అంకెలు గీకి ఫొటో పంపమని అడుగుతున్నారు. కథ అదే. అంకెలు చేరిన నిమిషంలో కార్డు ఖాళీ.

మీరు చేయవలసింది: బ్యాంకుకు స్వయంగా వెళ్లి, ఈ చెక్కు మీద అనుమానం ఉందని రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. ఖాతాలో ఆ మొత్తాన్ని ముట్టుకోకండి. కొరియర్ కవరు పారేయకండి, పోలీసు ఫిర్యాదుకు పనికొస్తుంది. వాళ్లు ఫోను చేసి కేసు పెడతామని బెదిరిస్తారు. పెట్టరు.

*

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఒక కంపెనీకి రెండు పనులు చేశాను. మొదటిదానికి డబ్బు 50 రోజుల తర్వాత వచ్చింది. రెండోదానికి నేను దుకాణంలో పెట్టిన ఖర్చు మాత్రమే వచ్చింది, జీతం రాలేదు. నన్ను మోసం చేసినట్టేనా? అసలు వీళ్లు డబ్బు ఏ లెక్కన ఇస్తారు? — ఒక విద్యార్థి

జవాబు: బహుశా మోసం కాదు బాబూ. మీరు ఒప్పుకున్న పని పత్రం మళ్లీ తెరిచి చూడండి. అందులో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఫీజు, అంటే మీ శ్రమకు ఇచ్చేది. రెండోది మీరు కొన్నదాని ఖర్చు తిరిగి ఇవ్వడం, దానికి "గరిష్ఠంగా ఇంత" అని హద్దు ఉంటుంది. హద్దు దాటి కొన్నది మీ సరదా ఖాతాలోకే వెళుతుంది. కొన్ని పనుల్లో, ముఖ్యంగా హోటళ్లకు పంపేవాటిలో, ఫీజు సున్నా ఉంటుంది. తిన్నది, బస చేసింది, అదే ప్రతిఫలం. మీ రెండోది అలాంటిదే అనిపిస్తోంది. కొన్నిట్లో వస్తువు కొని, మరో రోజు వెనక్కి ఇచ్చి, ఆ వెనక్కి ఇచ్చే తీరు కూడా రాయమంటారు. అప్పుడు మీ ఖర్చు దుకాణం నుంచే వెనక్కి వస్తుంది, కంపెనీ నుంచి ఫీజు మాత్రమే వస్తుంది.

తిరిగి వచ్చిన ఖర్చు సంపాదన కాదు, మీ జేబులోంచి పోయింది మీ జేబులోకి వచ్చింది, అంతే. మొదటి ఏడాది నాకు ఈ తేడా తెలియలేదు. ఖాతాలో పడే మొత్తం చూసి మురిసిపోయేదాన్ని. ఏడాది చివర కూర్చుని ఫీజులు మాత్రమే కూడితే ముఖం చిన్నబోయింది. అప్పుడే ఒక పని ఎంత సమయం తింటుందో గడియారం పెట్టి కొలిచాను. సూచనలు చదవడానికి 25 నిమిషాలు, రానూ పోనూ 40, దుకాణంలో 20, నివేదిక రాయడానికి 70. మొత్తం రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు. ఫీజును దానితో భాగించి చూసి, దూరం వెళ్లే పనులు ఆ రోజుతో మానేశాను. మీరూ ఒకసారి భాగించి చూడండి.

ఇక 50 రోజుల సంగతి. ఈ రంగంలో అది ఆలస్యం కాదు. మీరు అక్కడ ఉద్యోగి కారు, పని లెక్కన డబ్బు తీసుకునే బయటి మనిషి. ఈ నెలలో చేసిన పనులన్నిటికీ వచ్చే నెలాఖరున ఇస్తాం అన్నది చాలామంది పద్ధతి. 30, 45, 60 రోజులు అన్నీ చూశాను. కొందరు బ్యాంకు ఖాతాకు, కొందరు ఆన్‌లైన్‌లో డబ్బు అందుకునే పేపాల్ ఖాతాకు పంపుతారు. పేపాల్‌లో వేరే దేశపు కరెన్సీ వస్తే మార్పిడికి కొంత కోత పడుతుంది, అదీ లెక్కలో వేసుకోండి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. "వచ్చే నెలాఖరు" పద్ధతి ఉన్న కంపెనీకి ఒకటో తేదీన పని చేస్తే దాదాపు 60 రోజులు ఆగాలి. అదే పని 29న చేస్తే నెల రోజులే. కాబట్టి చేతి నుంచి పెద్ద ఖర్చు పెట్టాల్సిన పనులు నెల చివర్లో ఒప్పుకోండి. పైగా నెల ముగిసేలోగా పూర్తి చేయాల్సిన దుకాణాలు మిగిలిపోతే షెడ్యూలర్ గుండెల్లో రాయి పడుతుంది, ఫీజు పెంచుతారు. నేను ఎడిటర్‌గా ఉన్నప్పుడు పక్క బల్ల షెడ్యూలర్ 27వ తేదీ నుంచి ఫోను దించేవారు కాదు. అప్పుడు మర్యాదగా "దూరం ఎక్కువ, కాస్త పెంచగలరా" అని అడిగినవారికి పెంచేవారు. అడగనివారికి పెంచడం నేను చూడలేదు.

డబ్బు పూర్తిగా ఆగిపోవడం కూడా ఉంటుంది. నాకు తగిలిన దెబ్బ చెబుతాను. చెప్పుల దుకాణం పని, సాయంత్రం 5 నుంచి 8 లోపు వెళ్లాలి. వాన వచ్చేలా ఉందని కాస్త ముందే వెళ్లాను. అంతా చూశాను, సిబ్బంది పేర్లు గుర్తు పెట్టుకున్నాను, ఒక జత కొన్నాను. ఇంటికి వచ్చి నాలుగు పేజీల నివేదిక రాశాను. మర్నాడు ఒక్క వాక్యం జవాబు: బిల్లు మీద సమయం 4 గంటల 57 నిమిషాలు, నివేదిక తిరస్కరించాం. మూడు నిమిషాలు! ఫీజు లేదు, చెప్పుల ఖర్చు లేదు. వారం రోజులు ఆ కంపెనీని తిట్టుకున్నాను. నేను ఆ కుర్చీలో కూర్చున్నాక అలాంటివి నేనూ తిరస్కరించాను. సాయంత్రం రద్దీలో సిబ్బంది ఎలా ఉంటారన్నది ఆ సంస్థ కొనుక్కున్న ప్రశ్న. 5 కు ముందు చూసింది దానికి జవాబు కాదు. చెప్పుల జత ఎప్పుడో అరిగిపోయింది గానీ పెట్టె ఇంకా ఉంది, బిల్లులు దానిలోనే దాస్తున్నాను.

ఎడిటర్ బల్ల మీద ఎక్కువగా ఆగిపోయేవి ఎలాంటివో కూడా చెబుతాను. "ఉద్యోగి పలకరించారా?" అన్న చోట 'లేదు' అని గుర్తు పెట్టి, కింద వివరణలో "నవ్వుతూ స్వాగతం పలికారు" అని రాస్తారు. ఇక ఆ నివేదిక ఎవరికి పనికొస్తుంది? లేదా "చాలాసేపు నిలబెట్టారు" అని రాస్తారు. చాలాసేపు అంటే ఎంత? "నా ముందు ముగ్గురు ఉన్నారు, 6 నిమిషాల 20 సెకన్లకు నా వంతు వచ్చింది" అంటే పని జరుగుతుంది. బిల్లు ఫొటోలో తేదీ ఉన్న మూల కత్తిరించి పంపుతారు. 24 గంటల్లో పంపమంటే మూడో రోజు పంపుతారు. చాలా కంపెనీలు ప్రతి నివేదికకూ పదికి మార్కులు వేస్తాయి, మంచి పనులు ఆ మార్కులు చూసే ఇస్తాయి.

మీలాంటి విద్యార్థికి నా సలహా, చేతి చమురు వదలని పనులతో మొదలుపెట్టండి. ఫోను చేసి వివరాలు అడిగేవి, బ్యాంకులో ఖాతా గురించి విచారించేవి, వాహనాల షోరూమ్‌లో ధర కనుక్కునేవి. వీటిలో కొనేది ఏమీ ఉండదు, డబ్బు ఇవ్వకపోయినా పోయేది సమయమే. రెండు సార్లు చెప్పిన తేదీకి డబ్బు పడ్డాక ఆ కంపెనీకి కొనుగోలు పనులు ఒప్పుకోండి. ఎంత మంచి కంపెనీ అయినా, ఒకే దాని దగ్గర నెల ఖర్చంత బాకీ పెరగనివ్వకండి.

*

ప్రశ్న: టెలిగ్రామ్‌లో ఒకరు పరిచయమై, హోటళ్లకు ఇంట్లో కూర్చుని రేటింగ్ ఇచ్చే మిస్టరీ షాపింగ్ పని అన్నారు. మొదటి రోజు నిజంగానే డబ్బు పడింది. ఇప్పుడు పెద్ద 'టాస్కు' తెరుచుకోవాలంటే క్రిప్టోలో కొంత జమ చేయాలంటున్నారు. — పేరు వద్దు

జవాబు: చూడని హోటలుకు రేటింగ్ ఇవ్వడం మిస్టరీ షాపింగ్ కాదు, అబద్ధపు సాక్ష్యం. మొదటి రోజు పడిన డబ్బు గాలానికి గుచ్చిన ఎర. ఈ రకం మోసాల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 2023 మొత్తంలో దాదాపు 5,000 ఫిర్యాదులు వస్తే, 2024 మొదటి ఆరు నెలల్లోనే 20,000 దాకా వచ్చాయి. మీరు జమ చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే, దాన్ని రాబట్టడానికి ఇంకొంత కట్టకండి. పోయినదాన్ని రుసుము తీసుకుని తెచ్చిపెడతామని వచ్చేవాళ్లు కూడా ఎక్కువగా అదే ముఠా.

*

ప్రశ్న: చెప్పిన తేదీ దాటి మూడు వారాలైంది. షెడ్యూలర్‌కు నాలుగు ఈమెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. ఏం చేయాలి? — ఒక పాఠకురాలు

జవాబు: తప్పు తలుపు తడుతున్నారు. షెడ్యూలర్ పని మిమ్మల్ని దుకాణానికి పంపడంతో అయిపోతుంది. చాలా చోట్ల వాళ్లు కూడా మీలాగే బయటి మనుషులు. చెల్లింపుల విభాగానికి రాయండి. దాని చిరునామా మీరు చేరినప్పుడు ఒప్పుకున్న పత్రంలో గానీ, లాగిన్ అయ్యాక సహాయ పేజీలో గానీ ఉంటుంది. రాసేటప్పుడు బాధ వద్దు, వివరాలు చాలు: పని సంఖ్య, వెళ్లిన తేదీ, నివేదిక ఆమోదం పొందిన తేదీ, ఫీజు ఎంత, ఖర్చు ఎంత, ఏ తేదీకి ఇస్తామన్నారు. ఇది పంపే ముందు మీ ఖాతా వివరాలు సరిగా నింపారో లేదో ఒకసారి చూసుకోండి. మా కంపెనీకి వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పేపాల్ ఈమెయిల్లో ఒక అక్షరం తప్పు పడటమే.

పది రోజుల్లో జవాబు రాకపోతే ఆ కంపెనీకి కొత్త పనులు ఆపండి. అది ఎమ్ఎస్‌పీఏ సభ్యురాలైతే సంఘానికి రాయండి. "ఇంకొక మూడు పనులు చేయండి, అన్నీ కలిపి ఇస్తాం" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఒకసారి నేను ఒప్పుకున్నాను. ఆ కంపెనీ మూతపడింది, అయిదు పనుల డబ్బు దానితోనే పోయింది.

వీటన్నిటికీ ఒక నోటు పుస్తకం చాలు. వెళ్లిన తేదీ, పంపిన తేదీ, ఫీజు, ఖర్చు, ఇస్తామన్న తేదీ, వచ్చిన తేదీ, ఆరు గడులు. పన్ను లెక్కల వేళకు కూడా అదే ఆధారం, ఫీజు ఆదాయమే కాబట్టి.

*

ప్రశ్న: నేను ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి ఈ పని చేస్తున్నాడు. ఎవరో ఒక చిన్న ఉద్యోగి మీద చాటుగా చాడీలు రాసి డబ్బు తీసుకోవడంలా తోస్తోంది. మీకు ఎప్పుడూ అలా అనిపించలేదా? — ఒక తండ్రి

జవాబు: అనిపించిందండీ, మాస్టారూ. మీ అనుమానం ఊరికే వచ్చింది కాదు, ఈ పని పుట్టుకలోనే అది ఉంది. 1940లలో విల్‌మార్క్ అనే సంస్థ మిస్టరీ షాపింగ్ అన్న పేరు పెట్టినప్పుడు దాని ఉద్దేశం సిబ్బంది గల్లాపెట్టెలో చేయి పెడుతున్నారేమో కనిపెట్టడం. దొంగను పట్టే పనిగా మొదలై, తర్వాత తర్వాత సేవను కొలిచే పనిగా మారింది. వాసన ఇంకా పూర్తిగా పోలేదు.

ఒకసారి బ్యాంకు పని మీద వెళ్లాను. కౌంటర్‌లో అమ్మాయి నా ముఖం కూడా చూడకుండా కాగితం తోసింది. పలకరింపుకు సున్నా, కళ్లలోకి చూసి మాట్లాడారా అంటే సున్నా. అయితే ఆ పన్నెండు నిమిషాల్లో ఆమె ఒక్కతే మూడు కౌంటర్ల పని చేయడం కూడా చూశాను. మిగతా రెండు కుర్చీలూ ఖాళీ. ప్రశ్నల్లో దానికి గడి లేదు. వివరణలో రాశాను: ఎన్ని కుర్చీలు ఖాళీ, ఎంతమంది వరసలో ఉన్నారు, ఆమె ఎన్నిసార్లు లేచి వెనక గదిలోకి వెళ్లింది. సున్నాలు మార్చలేదు, మార్చే హక్కు నాకు లేదు. ఆ తర్వాత ఏమైందో మాకు చెప్పరు. మూడు నెలల తర్వాత అదే శాఖకు మళ్లీ పంపినప్పుడు రెండో కుర్చీలో ఒకరు కూర్చుని ఉన్నారు. నా రాత వల్లే అని చెప్పలేను.

మీ అబ్బాయిని ఒకటి అడగండి: జాలిపడి మార్కులు వేస్తున్నాడా, కోపంతో కోస్తున్నాడా, చూసింది రాస్తున్నాడా? మీరు ఎన్ని వేల పేపర్లు దిద్ది ఉంటారో, ఈ తేడా నాకంటే మీకే బాగా తెలుసు.

*

ప్రశ్న: ఈ పని మొదలుపెట్టడానికి పెన్ను కెమెరా, రికార్డరు కొనాలా? — ఒక పాఠకుడు

జవాబు: వద్దు. వీడియో తీసే పనులు వేరే ఉన్నాయి, వాటికి ఫీజు ఎక్కువే. కానీ ఎదుటివారికి చెప్పకుండా రికార్డు చేయడం మీద ఒక్కో చోట ఒక్కో చట్టం. కొత్తవారు అందులో వేలు పెట్టకండి. ఇప్పటికి ఫోనులోని గడియారం చాలు. దుకాణం గుమ్మం దాటగానే మీ ఫోనుకు మీరే ఒక ఖాళీ సందేశం పంపుకోండి, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి. వెళ్లిన సమయం, వచ్చిన సమయం వాటంతట అవే నమోదవుతాయి. సిబ్బంది ఛాతీ మీది పేరు చదివి, కొనాల్సిన సరుకుల చీటీలో రాసుకుంటున్నట్టు రాసుకోండి. నేను ఏడేళ్లూ అలాగే చేశాను. ఒక్కసారి మాత్రం ఆ చీటీ కౌంటర్ మీద మరిచిపోయాను. వెనక నుంచి ఉద్యోగి పిలిచి, తన పేరే రాసి ఉన్న ఆ కాగితాన్ని నా చేతికి ఇచ్చి, ఏమీ అడగకుండా నవ్వాడు.